మూగబోయిన బిళ్ల

గొంతు బాబాయిని మేమెవరమూ చూడలేదు. పదిహేడేళ్లుగా రోజూ పొద్దున ఆరింటికి అటూ ఇటూ మాట్లాడుకునే పెద్దనాన్న హామ్ రేడియోలో ఆయన గొంతు మాత్రం మా ఇంటికి వచ్చేది. అందుకే ఆ పేరు. ఆ శనివారం కూడా నవ్వుతూనే చెప్పారు.

"సోమవారం నా గొంతు కోసేస్తారటరా. పుండు ముదిరిందట. ఇక మాట ఉండదు. రేపు మనసారా మాట్లాడేసుకుందాం. ఈ ఈల గోల లేకుండా కాస్త పైకి జరుగు."

ఏదో పెద్ద స్టేషను కొత్తగా మా ఫ్రీక్వెన్సీ పక్కన చేరి వేస్తున్న ఈల అది. జరగడం బాబాయికి తేలిక, మర తిప్పితే చాలు. పెద్దనాన్న వినే పెట్టె కూడా అంతే. పాత సైన్యపు సరుకు, వాల్వులు ఎర్రబడ్డాక గానీ పలికేది కాదు. మాట పంపే పెట్టె మాత్రం ఆయన బిస్కెట్ల డబ్బాలో సొంతంగా కట్టుకున్నది. దాని ఫ్రీక్వెన్సీని గోరంత క్రిస్టల్ బిళ్ల పట్టి ఉంచేది. బిళ్లను అరగదీసేకొద్దీ ఫ్రీక్వెన్సీ పైకి పోతుంది. పెద్దనాన్న చేతులకు వణుకు. పని నాకిచ్చారు.

"అద్దం మీద తడిపిన సానపొడి వేసి, ఎనిమిది అంకె దిద్దినట్టు రుద్దు. పదిసార్లకోసారి డబ్బాలో పెట్టి చూసుకో. ఒక పక్కే ఒత్తావో, అంతే సంగతులు."

మా వంశంలో డిగ్రీ గడప తొక్కింది నేనే. చదివించింది ఆయనే. కాగితం మీద లెక్క వేస్తే నలభైసార్లని తేలింది. లెక్క ఉండగా మధ్యలో ఆగడమెందుకని నలభైసార్లూ ఒకే ఊపున రుద్దాను.

డబ్బాలో పెడితే మీటరు ముల్లు లేవలేదు.

పెద్దనాన్న బిళ్లను కిటికీ వెలుతురులో పట్టి చూశారు. "ఒక అంచు తినేశావు తల్లీ."

సబ్బుతో కడిగాం. తిరగేసి పెట్టాం. పెన్సిలు ములికితో రుద్ది చూశాం. ముల్లు కదల్లేదు.

"నీ డిగ్రీ కాగితం పెట్టి చూడరాదూ, పలుకుతుందేమో," అంది పెద్దమ్మ.

ఇంకో బిళ్ల రావాలంటే నెల. మా వీధిలో ఫోను లేదు. టెలిగ్రాం సోమవారానికి గానీ చేరదన్నాడు తపాలా గుమాస్తా.

ఆదివారం ఆరింటికి వినే పెట్టె వేశాం. ఈల లేదు. బాబాయి పక్క గదిలోంచి పిలిచినట్టే ఉంది.

"ఏరా, లేచావా?"

పెద్దనాన్న మైకు అందుకుని మీట నొక్కారు. "లేచానురా." ఆ మాట గది దాటదని ఆయనకు నాకంటే బాగా తెలుసు.

"వినబడలేదు. మళ్లీ చెప్పు."

"లేచానురా."

బాబాయి పది నిమిషాలు పిలిచారు. "నిన్న నీ మిలటరీ పెట్టెని పాత ఇనుము అన్నాననా అలక? పోనీ, సింహాసనం అనుకో. ఇప్పుడైనా నోరు విప్పు."

నేను పెద్దనాన్న మొహం చూడలేకపోయాను.

"సరేలే, విన్నా వినకపోయినా చెప్పేస్తా. అమ్మాయికి మన పని నేర్పు. చేతికి ఓపికుందన్నావుగా." దగ్గు వచ్చింది. చాలాసేపు ఆ దగ్గే విన్నాం. "బండి వచ్చిందిరా. నన్ను తీసుకుపోతారు. ఉంటాను."

తర్వాత ఉత్త హోరు.

పెద్దనాన్న బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. విడిపించబోయాను.

"ఉండవే, ఇంకేమన్నా అంటాడేమో," అన్నారు.