బేతంచెర్ల బండకు బంధువు కానివారు

మధులతకు కావాల్సింది ఒక్క మనిషి. "ఈ పేపర్‌తో నాకే సంబంధమూ లేదు" అని సంతకం పెట్టి, దాన్ని చదివి, బాగుందో లేదో తేల్చే ఒకే ఒక్క మనిషి! దొరక్కపోతే జర్నల్ ఈ సంచికలో పేపర్ రాదు. పేపర్ రాకపోతే ఆమె పీహెచ్‌డీ ఈ ఏడాదికి అటకెక్కినట్టే.

పేపరేమో, ఎండాకాలం ఇంట్లో ఏ నేల చల్లగా ఉంటుంది, బేతంచెర్ల బండా, కడప బండా అని. బేతంచెర్లే గెలిచింది.

కర్నూలులో జర్నల్ నడిపే జయపాల్ సార్ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, స్పీకర్ పెట్టి తెలిసిన ప్రొఫెసర్లకు ఫోన్లు మొదలెట్టాడు.

"శానా మంచి పేపరప్పా!" అన్నాడు బేతంచెర్ల నరసింహ సార్. "మా బావది బండల ఫ్యాక్టరీనే. ఒక కాపీ పంపు, గేటుకు అంటిస్తాడు."

జయపాల్ సార్ టక్కున ఫోన్ పెట్టేశాడు.

కడప కేశవ సార్ సగం వినగానే ఎగిరిపడ్డాడు. "తప్పు! అంతా తప్పు!"

"మీరింకా చదవలేదు గదా సార్?" అన్నాడు జయపాల్ సార్.

"చదివేదేముండాది? మా బండ ఓడిపోయిందంటే తప్పే!"

నందికొట్కూరు వంశీ సార్‌కు ఏ బండ మీదా ప్రేమ లేదు. మధులతకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆయన, "రాసిన పాపది ఏవూరు?" అన్నాడు.

"ఆలూరు సార్," అనేసింది.

"ఆలూరా! ఎవరోళ్లమ్మా?"

టీ చల్లారేలోపు ఆయన ఆమెకు మేనమామ అయిపోయాడు. "నీ పేపర్ నేను చదవాల్నా? కండ్లు మూసుకోని పాస్ చేస్తా పోమ్మా!"

జయపాల్ సార్ తల పట్టుకున్నాడు. "బండ లేని ఇల్లు, బంధువు కాని మనిషి ఈ చుట్టుపక్కల యాడుండారమ్మా?"

ఉన్నారు! పాలరాతి ఫ్లాట్‌లో ఉండే రెజీనా మేడమ్. ఆమె స్వయంగా వచ్చి సంతకం పెట్టి, కాగితాలు అందుకుని, మధులత వైపు తిరిగింది.

"రాసింది నువ్వేనా పాపా? మీదేవూరు?"

మేడమ్ వెనకాల సార్ రెండు చేతులూ ఊపేస్తున్నాడు, వద్దు వద్దని. మధులత పెదాలు బిగించి ఫ్యాన్ వైపు చూసింది.

"నిన్నే. ఎవరోళ్లు మీరు?"

మళ్లీ ఫ్యాన్.

"ఊరడిగితే గూడా చెప్పవా? ఏం పిల్లవే!" మేడమ్ విసవిసా వెళ్లిపోయింది.

మర్నాడు రిపోర్ట్ వచ్చింది. సార్ పైకి చదివాడు. "లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి, ప్రచురించవచ్చు. రాసిన పిల్లకు మాత్రం బొత్తిగా మర్యాద లేదు."

మధులత కళ్లలో నీళ్లు తిరిగాయి. సార్ కుర్చీలోంచి లేచి గంతేశాడు.

"ఏడుస్తాండావేందమ్మా! నువ్వంటే గిట్టకుండానే పాస్ చేసింది! ఇంతకన్నా న్యాయం యాడ దొరుకుతాది?"

పేపర్ అచ్చయి చేతికొచ్చిన రోజే మధులత రెజీనా మేడమ్‌కు ఫోన్ చేసింది.

"మేడమ్, మాది ఆలూరు."

"ఆలూరా!" మేడమ్ గొంతు ఒక్కసారిగా వెన్నలా కరిగింది. "ముందే చెప్పకూడదా పాపా! ఎవరోళ్లు?"