ఎందుకైనా మంచిదని

కొత్త ఫోను చేతికొచ్చిన కాసేపటికే చాంద్‌బాషాకు దాని మీద మోజూ పుట్టింది, చిరాకూ పుట్టింది. మోజెందుకంటే, కెమెరా తెరిస్తే తన ముఖం తనకే కొత్త పెళ్లికొడుకులా కనిపించింది. గడ్డంలో నెరిసిన వెంట్రుకలన్నీ ఏమైపోయాయో ఆ అల్లాకే తెలియాలి! చిరాకెందుకంటే, అది సబ్బుబిళ్లలా చేతిలోంచి జారిపోతోంది. పైగా వేలు ఆనీ ఆనకముందే ఏదో ఒకటి తెరుచుకుంటోంది.

"ఇంత సుకుమారమైతే ఎట్లాగమ్మా? మామిడికాయల వ్యాపారం చేసుకునేవాణ్ణి, నా చేతులకు ఇది ఆగుతుందా?" అన్నాడు కొట్లో పనిచేసే గీతాంజలితో. పక్కనే ఉన్న దశరథరామయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇద్దరూ అచ్చం ఒకలాంటి ఫోన్లే కొన్నారు. అది రామయ్య పంతం. తిరువూరు హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల నుంచీ వాళ్లది అదే వరస. ఒకడు చెప్పులు కొంటే రెండోవాడూ అవే కొనాలి. రామయ్యకు రెడ్డిగూడెంలో మామిడితోట ఉంది. ఏటా ఆ తోట కాపంతా బాషాదే, లారీలకెత్తి పై ఊళ్లకు పంపుతాడు. వాళ్ల మధ్య కాగితం లేదు, మధ్యవర్తి లేడు. పూత నిలిచిందనిపించగానే రామయ్య ఫోన్ చేసి "తోట నీదేరా" అంటాడు. "సరేరా" అంటాడు బాషా. బేరం ముగిసినట్టే. "ఇదేం బేరమయ్యా, రేపు ఎవరైనా మాట మారిస్తే?" అని తోటి వ్యాపారులు ఎకసెక్కాలాడితే, "మావాడి సంగతి మీకేం తెలుసు పొండి" అని బాషా మీసం దువ్వేవాడు. ఆ బేరం అంటే అతనికి అంత గర్వం.

పాత ఫోన్లలో ఉన్న సరుకంతా గీతాంజలి కొత్తవాటిలోకి ఎక్కించింది. బాషా ఫోనుకు గ్లాసు అతికించడం ఇంకా మిగిలింది. రామయ్య టీ తాగొస్తానని రోడ్డు దాటి హోటలుకు వెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకుంటాడా, అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు. బాషా ముచ్చటపడిపోతూ ఎత్తాడు.

"ఏరా, వినపడుతోందా?"

సమాధానం చెప్పేలోపు మధ్యలో ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఏదో అంది. బాషాకు అందులో రికార్డు అన్న ముక్క ఒక్కటే అర్థమైంది.

"ఎవరమ్మా ఈవిడ, మా మధ్య దూరింది? ఈ ఫోను బాగాలేదు, మార్చిచ్చెయ్" అన్నాడు.

గీతాంజలి నవ్వింది. "మీ ఫోను బాగానే ఉందండీ. అవతలివాళ్లు మీ మాటలు రికార్డు చేస్తుంటే అట్లా చెప్తుంది. పాత ఫోన్లు చెప్పేవి కాదు, గుట్టుగా చేసుకునేవి."

"అబ్బే, మావాడికి అట్లాంటివి రావమ్మా. వేలు తగిలి ఉంటుంది."

రామయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు. బాషా అతని చేతిలోని ఫోను చనువుగా లాక్కుని గీతాంజలికిచ్చాడు. "అదేదో తీసేసెయ్యమ్మా, పాపం వీడికి తెలీదు."

"ఇప్పుడెందుకులేరా! ఇంటికెళ్లాక శశాంక్ చూస్తాడ్లే" అంటూ రామయ్య ఫోను కోసం చెయ్యి చాపాడు. శశాంక్ అతని కొడుకు, ఈమధ్య తోట లెక్కలన్నీ అతనే చూస్తున్నాడు. ఆ కంగారు బాషా చూశాడు గానీ, కొత్త ఫోను మీద మోజనుకున్నాడు. పిచ్చి బాషా!

"ఇది వేలు తగిలి వచ్చింది కాదండీ" అంది గీతాంజలి తెర చూస్తూ. "పాత ఫోన్లో ఒక్క నంబరుకే పెట్టుకున్నారు, అదే ఇందులోకీ వచ్చింది. అప్పటి రికార్డులు కూడా చాలా ఉన్నాయి."

"ఎవరి నంబరమ్మా?"

"మీదేనండీ." ఆ మాటంటూనే పొరపాటున దేన్నో నొక్కింది.

కొట్టంతా బాషా గొంతు నిండిపోయింది. ఏడుస్తున్న గొంతు. "రామయ్యా, ఆసిమా ఇంక అత్తారింటికి పోనంటోందిరా. వీపు మీద వాతలు చూపించిందిరా బిడ్డ. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదురా, నువ్వూ ఎక్కడా అనబాకు..."

గీతాంజలి హడావిడిగా ఆపేసింది. ఛార్జరు కొనడానికి వచ్చిన ఇద్దరు అటు తిరిగి నిలబడ్డారు. కూతురు ఆసిమా కుట్టుపని నేర్చుకోవడానికి పుట్టింటికి వచ్చిందని బంధువులందరికీ చెప్పుకుంటున్న బాషాకు, ఆ కొట్లో బట్టలూడదీసి నిలబెట్టినట్టయింది.

"ఏంట్రా ఇది?" అన్నాడు.

"నేను కాదురా. మా శశాంకే పెట్టాడు. నోటిమాట బేరం కదా నాన్నా, ఎందుకైనా మంచిదని అన్నాడు..."

"నీకు తెలీకుండా పెట్టాడా?"

రామయ్య నేల చూశాడు. "తెలుసులేరా. కానీ నేనెప్పుడూ వినలేదు. నా పిల్లల మీద ఒట్టు."

"మరెవరు విన్నారు?"

ఆ సమాధానం బాషాకే దొరికింది. పోయిన వేసవిలో తోటలో కాయలు కోయిస్తుంటే శశాంక్ దగ్గరకొచ్చి, "ఆసిమాకి ఇప్పుడెట్లా ఉంది అంకుల్?" అని జాలిగా అడిగాడు. కుర్రాడికి ఎంత మనసో అని ఆ రోజు ఇంటికెళ్లి భార్య నూర్‌బీకి చెప్పుకుని మురిసిపోయాడు కూడా. ఆసిమా సంగతి రామయ్యకు తప్ప బయట ఎవరికీ చెప్పనే లేదు మరి!

గ్లాసు సంగతి వదిలేసి, తన ఫోను తీసుకుని కొట్టు దిగిపోయాడు. రామయ్య వెనకాలే వస్తూ "బాషా, ఒరేయ్ బాషా" అని పిలుస్తున్నా తిరిగి చూడలేదు. దొంగ సరుకు అమ్మానా, తూకంలో మోసం చేశానా? ఎందుకైనా మంచిదట! ముక్కూ మొహం తెలియనివాడితో అనుకోవలసిన మాట అది. నా ఏడుపు కూడా దాచిపెట్టుకున్నాడే, వీడి దుంపతెగ!

పూత నిలిచింది. ఎ.కొండూరు వైపు తోటలన్నిటికీ బేరాలు మొదలయ్యాయి. బాషా మాత్రం ఇంట్లోనే కూర్చుని, కోపం వచ్చినప్పుడు తిట్టుకుంటూ, కోపం తగ్గినప్పుడు ఫోను వైపు చూస్తూ గడిపాడు. ఒక పొద్దున అది మోగింది. తెర నిండా రామయ్య నవ్వుముఖం. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాడు.

"తోట నీదేరా" అంది అవతలి గొంతు, బతిమాలుతున్నట్టు.

సరేరా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బాషా దాన్ని మింగేశాడు.

"రికార్డవుతోందా?"

"లేదురా. ఆ రోజే తీసేయించాను. పాతవన్నీ చెరిపేయించాను. నమ్మరా."

"పెట్టండి."

"బాషా..."

"పెట్టండి. ఆవిడ చెప్పాకే మాట్లాడతాను."

చివరికి ఆ ఆడమనిషి తన ఇంగ్లీషు ముక్క చెప్పేసి పోయింది. బాషా నిటారుగా కూర్చుని, ఒక్కొక్క మాటా స్పష్టంగా పలికాడు.

"దశరథరామయ్య గారూ, ఈ ఏడు మీ తోట నాకొద్దు. వచ్చే ఏడూ వద్దు. ఇంకెవరికైనా ఇచ్చుకోండి. రేపు నేను కాదన్నానంటే మీవాడి చేత ఇదే వినిపించండి."

"గారేంట్రా? మండిపడరా, తిట్టరా నన్ను! ఒరేయ్..."

బాషా ఫోను పెట్టేశాడు. వంటింట్లోంచి నూర్‌బీ తొంగిచూసింది.

"పొద్దున్నే ఎవరండీ?"

"ఎవరో రెడ్డిగూడెం రైతు" అన్నాడు.