కిటికీ అక్క మాట

చిన్నది తన సంచి అడుగున కత్తెర పెట్టింది.

అక్క కంట పడకూడదనే అలా పెట్టింది. పాత తువ్వాలులో చుట్టి, దాని మీద దుప్పటి, దుప్పటి మీద బట్టలు సర్దింది. కానీ ఎవరు ప్రయాణమైనా వాళ్ల సంచిని ఒకసారి ఎత్తి చూడటం అక్కకి అలవాటు. ఎత్తింది. బరువు ఒక పక్కకి లాగింది. చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమితే తువ్వాలు మడతల్లో ఇనుము తగిలింది.

"ఆర్నెల్లకి కత్తెర ఎందుకే?" అంది.

"చేతికి అలవాటైంది కదక్కా."

"అక్కడ కత్తెర్లు దొరకవా?"

చిన్నది సబ్బుపెట్టె మూత బిగించింది. అది అప్పటికే బిగించి ఉంది.

వాళ్లిద్దరూ తోడికోడళ్లు. రెండేళ్ల తేడాతో ఒకే ఇంటికి వచ్చారు. పెద్దది, చిన్నది అన్నవి అత్తగారు పెట్టిన పిలుపులు. అత్తగారు పోయింది. అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. పిల్లలు ఇద్దరికీ లేరు. మిగిలింది వీధి వైపు గది, అందులో కుట్టుపని. చిన్నది వెనక బల్ల దగ్గర బట్ట కత్తిరిస్తుంది, పెద్దది కిటికీ దగ్గర కూర్చుని కుడుతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇంతే. చిన్నది కత్తిరిస్తే వేలెడు ముక్క కూడా వృథా పోదు. పెద్దది కత్తిరిస్తే ప్యాంటుకి ఒక కాలు పొట్టిదవుతుంది. ఆ మాట ఆమే నవ్వుతూ అందరికీ చెప్పేది.

రెండు వారాల కిందట చిన్నదానికి చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. సముద్రం పక్క ఊళ్లో రెడీమేడ్ బట్టల దుకాణం తెరుస్తోందట, కత్తిరించడానికి నమ్మకమైన చెయ్యి కావాలట. రైలు వారానికి ఒక్కటే. ఈ శుక్రవారం రైలుకి రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానని ఆవిడ ముందే చెప్పేసింది. చిన్నది మూడు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా తిరిగింది. నాలుగో రోజు బట్ట కొలుస్తూ, తల ఎత్తకుండా, ఆర్నెల్లు చూసి వస్తానక్కా అంది. నీ ఇష్టం అంది అక్క. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. మిగతా సంగతులు మాత్రం, ఎదురింటి మేడకి వేసిన రంగు దగ్గర్నించి గుండీలు అమ్మేవాడి పన్నునొప్పి దాకా, మామూలు కంటే ఎక్కువే మాట్లాడుకున్నారు.

అక్కకి ఒక పాడు జ్ఞాపకశక్తి ఉంది. ఎవరు ఏ పూట గడప దాటారో ఆమె మర్చిపోదు. భర్త ఆదివారం పొద్దున ఎనిమిదింటికి గుండీలు కొనడానికి వెళ్లాడు. మరిది వానాకాలంలో ఒక సాయంత్రం, టీ సగం తాగి, ఇప్పుడే వస్తానని వెళ్లాడు. ఇద్దరినీ మనుషులు మోసుకొచ్చారు. అప్పట్నించీ ఎవరు బయలుదేరినా ఆమె కళ్లు గడియారం మీదికి పోతాయి.

ఊళ్లో ఆమెని టైలరమ్మ అంటారు. ఆ దారిన కరెంటు కార్లు నడిపే డ్రైవర్లకి మాత్రం ఆమె కిటికీ అక్క.

ఎదురుగా, పాత లారీ కాటా ఉన్న ఖాళీ జాగాలో, మూడేళ్ల కిందట ఒక కంపెనీ చార్జర్ పెట్టింది. బీరువా అంత తెల్ల పెట్టె, దానికి వేలాడే లావుపాటి తీగ. పెట్టినవాళ్లు రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. కాపలాకి మనిషిని పెట్టలేదు. ఇటు యాభై కిలోమీటర్లు, అటు జంక్షన్ దాకా ఎనభై కిలోమీటర్ల కొండదారి, ఈ మధ్యలో త్వరగా చార్జింగ్ ఎక్కేది అదొక్కటే. కంపెనీ వాళ్ల యాప్‌ని అడిగితే ఎప్పుడు చూసినా 'ఖాళీగా ఉంది, రండి' అంటుంది. పిడుగు పడి మూడు రోజులు చచ్చి పడున్నప్పుడు కూడా అదే అంది. ఆ మాట నమ్మి వచ్చి, బండి కదలక, ఆమె గడపలో కూర్చుని మంచినీళ్లు తాగిన ఒక టాక్సీ డ్రైవరు పోతూ పోతూ ఆమె నంబరు తీసుకున్నాడు. వారం తర్వాత ఎక్కడో దూరం నుంచి ఫోన్ చేసి, కాస్త కిటికీలోంచి తొంగి చూడక్కా, అది బతికుందా అని అడిగాడు. ఆమె చూసి చెప్పింది. ఆ నంబరు డ్రైవర్ల గ్రూపులోకి ఎక్కింది. ఇక చూసుకోండి, రోజుకి పది పదిహేను ఫోన్లు.

దీపం ఆకుపచ్చగా వెలిగితే చాలదని ఆమె త్వరగానే నేర్చుకుంది. పక్కవీధి ఐస్ ఫ్యాక్టరీ నడుస్తుంటే వోల్టేజి పడిపోతుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది, బండికి మాత్రం ఏమీ ఎక్కదు. నిజంగా ఎక్కుతుంటే పెట్టె లోపల ఫ్యాన్లు తిరిగి, కదిలించిన తేనెపట్టులా హోరు వస్తుంది. ఆ హోరు ఆమెకి చెవుల కంటే ముందు కిటికీ చెక్క మీద ఆనించిన మోచేతికి తెలిసేది. జాగా ఖాళీగా ఉంటే, అంతకు ముందు పెట్టిన బండికి హోరు వచ్చిందో లేదో గుర్తుపెట్టుకుని చెప్పేది. "దీపం ఉంది, హోరు లేదు, రావద్దు నాయనా" అని ఆమె అంటే, ఎంత తొందరలో ఉన్నవాడైనా బండి వెనక్కి తిప్పేవాడు. ఒకాయన యాప్ రమ్మంటోందే అని వాదించాడు. అయితే రా నాయనా, బండి ఆగిపోయినప్పుడు ఆ యాప్‌నే దిగి తొయ్యమను అంది. ఆ మాట దారి పొడుగునా డ్రైవర్లు చెప్పుకుని నవ్వుకున్నారు. మూడేళ్లలో ఆమె మాట ఒక్కసారీ తప్పు కాలేదు.

ఆ శుక్రవారం పొద్దున జంక్షన్‌కి బస్సుంది. దానికే పోతానని చిన్నది అంటే అక్కే వద్దంది. ఆ బస్సు కుదుపులకి కొండ మలుపుల్లో చిన్నదానికి కడుపులో తిప్పుతుంది. హాయిగా పొడుగాయన కారులో పొమ్మంది. ఆమె నంబరు మొదట తీసుకున్న డ్రైవరు అతనే. సీటు ఎంత వెనక్కి జరిపినా మోకాళ్లు స్టీరింగుకి తగిలే మనిషి. రెండున్నరకి వచ్చి, గంటసేపు చార్జింగ్ పెట్టుకుని, చిన్నదాన్ని ఆరున్నర రైలుకి చేర్చేలా ఏర్పాటు.

పొద్దున్నించీ అక్క కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. కుట్టడానికి కూర్చుంటుంది, లేస్తుంది. బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు పొట్లం కట్టి సంచిలో పెట్టింది. నలుగుతాయని తీసింది. నీళ్లసీసా మూత సరిగ్గా లేదని ఇంకో సీసా వెతికింది. వెతుకుతూ వెతుకుతూ ఏం వెతుకుతున్నదీ మర్చిపోయి అలమర ముందు నిలబడిపోయింది. చిన్నది మాత్రం పన్నెండింటికే చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది. ఇంట్లో చెప్పులతో తిరుగుతున్నావేంటని అక్క కసిరింది.

ఒంటిగంటకి ఫోన్ మోగింది. పొడుగాయన.

"కిటికీ అక్కా, బతికుందా?"

ఆమె చూసింది. జాగా ఖాళీగా ఉంది. దీపం ఆకుపచ్చగా ఉంది. ఐస్ ఫ్యాక్టరీకి శుక్రవారం సెలవు. తొమ్మిదింటికి పాలవ్యాను వచ్చి నిండా ఎక్కించుకుని వెళ్లింది, హోరు ఆమె చెవులారా విన్నది.

పొడుగాయన చెప్పుకుపోతున్నాడు. పొద్దున్నించీ బాడుగలు తిరిగి బ్యాటరీ అడుగంటిందట. అక్కడిదాకా రావడానికి సరిపోతుంది, అంతే. వచ్చాక చార్జర్ పలక్కపోతే రోడ్డు మీద చిక్కుకుపోతాడు. ఇక్కడొక హోటలు వాళ్లు గోడకున్న ప్లగ్గు వాడుకోమంటున్నారు, కానీ అది నత్తనడక, నాలుగు గంటలు పడుతుంది.

"నువ్వెలా చెప్తే అలా అక్కా," అన్నాడు.

వెనక గదిలో చిన్నది తన బల్ల తుడుస్తోంది. ముక్కలన్నీ ఏరి, రంగుల వారీగా మూటలు కట్టి పెట్టింది. బల్ల పైన గోడకి కత్తెర తగిలించే మేకు ఖాళీగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మేకు ఖాళీగా ఉండటం అక్క ఎన్నడూ చూడలేదు.

"లేదు నాయనా," అంది. "దీపం ఉంది, హోరు లేదు."

"అయ్యో. మరి చిన్నమ్మగారి రైలు?"

"నేను చెప్తాలే."

ఫోన్ పెట్టేసి వెనక్కి వెళ్లి, చార్జర్ పాడైందట, పొడుగాయన రాలేడట అని చెప్పింది. తను చూసి చెప్పిన సంగతిని ఎవరో చెప్పగా విన్నట్టు 'అట' అంది. పొద్దున పాలవ్యాను పెట్టుకుంది కదా అంది చిన్నది. అది వెళ్లాకే పాడైందంది అక్క. చిన్నది వచ్చి సంచి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. సంచి విప్పుదామా అని అక్క అడిగింది. ఉండక్కా, ఇంకా టైముంది, దారిన ఏదైనా బండి వస్తుందేమో చూద్దాం అంది.

అక్కకి ఆ గంటన్నరా సంతోషంగానే ఉండాలి. కావాలనుకున్నది జరిగింది. కానీ ఆ సంతోషంలో కుదురుగా కూర్చోవడానికి చోటు దొరకలేదు. బయట బండి చప్పుడైతే లేచి కిటికీ దగ్గరికి పోయేది. ఫోన్ మోగితే అదిరిపడేది. ఇంకో డ్రైవరు ఫోన్ చేసి అడిగాడు. అతనికీ అదే చెప్పింది, చెప్పక తప్పలేదు. అతని బండిలో ఎవరున్నారో, ఎక్కడికి పోవాలో ఎప్పుడూ అడిగేది. ఈసారి అడగలేదు.

రెండున్నర దాటాక ఒక చిన్న నీలం కారు వచ్చి కాటా జాగాలోకి తిరిగింది.

అందులోంచి పశువుల డాక్టరమ్మ దిగింది. ఈ నెలే బదిలీ మీద వచ్చిన మనిషి. కిటికీ అక్క సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు, యాప్ రమ్మంది, వచ్చింది. తీగ లాగి కారుకి తగిలించింది. పెట్టెలో ఏదో టక్కుమంది. తర్వాత, మెల్లగా మొదలై, హోరు వచ్చింది.

అక్క గబగబా కుట్టుమిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. చేతికి అందిన గుడ్డ సూది కింద పెట్టి, ఇల్లంతా అదిరేలా తొక్కింది. చక్రం గిర్రున తిరుగుతోంది. గుడ్డ ఒక చివరి నుంచి ఇంకో చివరికి పోయింది, మళ్లీ తిప్పి పెట్టి తొక్కింది.

చిన్నది లేచి వచ్చింది. తిరుగుతున్న చక్రం మీద అరచెయ్యి వేసి ఆపింది. గదిలో చప్పుడు పోయాక, వీధి అవతలి హోరు కిటికీలోంచి తీరిగ్గా లోపలికి వచ్చింది. ఇద్దరూ విన్నారు. చిన్నది అటు చూడలేదు. గుడ్డ వైపు చూసింది.

"సూదిలో దారం లేదక్కా," అంది.

చిన్నది వీధి దాటి వెళ్లి డాక్టరమ్మతో మాట్లాడింది. అక్కకి మాటలు వినబడలేదు గానీ, డాక్టరమ్మ తల ఊపడం, చేత్తో కొండ వైపు చూపించడం కనిపించాయి. ఆమెకి జంక్షన్ పశువుల ఆసుపత్రిలో పని ఉందట, చార్జింగ్ అయ్యాక బయలుదేరుతుందట. ఆ సంగతి తర్వాత తెలిసింది. చిన్నది తిరిగి రాలేదు, అక్కడే కాటా గట్టు మీద కూర్చుంది. గంట పైనే కూర్చుంది. ఎండ మొహాన కొడుతున్నా జరగలేదు. అక్క కిటికీ దగ్గర, తను గట్టు మీద. మధ్యలో వీధి, ఆ హోరు.

హోరు ఆగాక సంచి కోసం వచ్చింది. అక్కే ఎత్తి ఇచ్చింది. బరువు మళ్లీ ఒక పక్కకి లాగింది. ఉండిపోవే అన్న మాట పది రోజులుగా గొంతు దాకా వచ్చి ఆగుతూ ఉండేది. ఇప్పుడు గొంతు దాకా కూడా రాలేదు. అబద్ధం ఆడిన నోటితో ఆ మాట ఎలా అనాలో ఆమెకి తెలియలేదు.

గడప దగ్గర చిన్నది ఆగింది.

"పొడుగాయనకి ఫోన్ చెయ్యక్కా. ఊరికే నాలుగు గంటలు కూర్చుంటాడు పాపం."

నీలం కారు మలుపు తిరిగే దాకా అక్క చూసింది. తర్వాత ఫోన్ చేసింది.

"నాయనా, చార్జర్ బాగానే ఉంది. పొద్దున్నించీ బాగానే ఉంది. నేనే అబద్ధం చెప్పాను."

అటు నుంచి హోటల్లో గిన్నెల చప్పుడు మాత్రం వచ్చింది.

"చిన్నమ్మగారికి రైలు అందుతుందా?" అన్నాడు చివరికి.

"అందుతుంది."

"సరే అక్కా."

రెండో డ్రైవరుకి కూడా చేసి, చార్జర్ బాగానే ఉందని చెప్పింది. అతను అప్పటికే బండి వెనక్కి తిప్పేసి, మనుషుల్ని బస్సెక్కించేశాడు. పోనీలే అక్కా, నీకు మాత్రం ఏం తెలుసు అన్నాడు. అతనికి నిజం చెప్పబోయింది. అతను ఫోన్ పెట్టేశాడు.

పొడుగాయన ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. గ్రూపులో ఆమె నంబరు అలాగే ఉంది, ఫోన్లు అలాగే వచ్చాయి. ఆమె మాత్రం కిటికీలోంచి చూసి చెప్పడం మానేసింది. ఎవరు అడిగినా ఉండమని, చెప్పులు వేసుకుని, వీధి దాటి వెళ్లి, పెట్టె మీద చెయ్యి ఆనించి వచ్చి చెప్పేది. వానలో కూడా వెళ్లేది. మోకాళ్ల నొప్పులతో అన్నిసార్లు తిరగడమెందుకని ఒకరిద్దరు మందలించారు. పొడుగాయన ఆ దారిన వచ్చేవాడు, చార్జింగ్ పెట్టుకునేవాడు, కారులోంచే చెయ్యెత్తి పలకరించేవాడు. బతికుందా అని మళ్లీ ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

చిన్నది ఆ శుక్రవారం మధ్యాహ్నం, నాలుగింటికి పది నిమిషాల ముందు గడప దాటింది. చేరానని మర్నాడు ఫోన్ చేసింది. ఆర్నెల్లు గడిచాక దుకాణంలో పని ఎక్కువగా ఉందని చెప్పింది. నాలుగో ఏడు వానలు మొదలైన వారంలో, మంగళవారం తెల్లవారి ఆరింటికి, ఆ సముద్రం పక్క ఊళ్లోనే పోయింది. తిరిగి రాలేదు.