మడమ దగ్గరి తెలుపు

పొద్దున పదకొండు లోపు మందను కొండ మీది నుంచి దొడ్డికి దించాలి. పిల్లలను తల్లుల నుంచి విడదీయాలి. ఒక్కో పిల్లకూ పళ్ళు, కళ్ళు, గిట్టలు, తోక మొదలు చూడాలి. తెల్ల వెంట్రుక ఎక్కడైనా ఉందేమో వెతకాలి. నిప్పుల మీద వాత ఇనుము కాలుతూ ఉండాలి. వాన పట్టకముందే అంతా అయిపోవాలి. ఆడ్రీ గారి టీ ఫ్లాస్కు మరిచిపోకూడదు.

ఎనభై రెండు అక్టోబరులో, ఇంగ్లండులోని ఎక్స్‌మూర్ కొండల పొట్టి గుర్రాల తనిఖీకి మొదటిసారి వెళ్తూ నేను రాసుకున్న కాగితం ఇది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. నాన్న ఈ చుట్టుపక్కల పొలాలకు కూలికి కంచెలు కట్టేవాడు. నేను తప్పు చేస్తే మాట ఆయనకొస్తుందని నా భయం.

నాతోపాటు తనిఖీ చేసే ఆడ్రీ గారికి ఈ పనిలో ముప్పై ఏళ్ళు. ఇద్దరం ఒప్పుకుంటేనే పిల్లకు వాత పడుతుంది, వంశ పుస్తకంలో పేరెక్కుతుంది.

ఆ రోజు చివరి దొడ్డి రెజ్ వెల్లకాట్‌ది. డెబ్బై దాటిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులు గురి చూసి కాల్చినవీ, దొంగలు మాంసానికి ఎత్తుకుపోయినవీ పోగా ఈ కొండల్లో గుర్రాలు పిడికెడు మిగిలాయి. వాటిలో రెండు వెల్లకాట్ ఇంటివి. ఇప్పుడు వాటి తల్లి వరుసలో ఈనేది ఒక్కటే, ఇరవై ఒక్క ఏళ్ళ ముసలిది. నాలుగు మగపిల్లల తర్వాత ఈ ఏడు ఆడపిల్లను ఈనింది. ఇది పుస్తకంలోకి ఎక్కకపోతే ఆ వరుస అక్కడితో సరి.

"రావమ్మా, డిగ్రీ పిల్లా," అన్నాడు రెజ్. "గుర్రానికి ముందేదో వెనకేదో చెప్పారా కాలేజీలో?"

"కరిచేది ముందు, తన్నేది వెనక అన్నారండీ."

"పర్లేదు, ఫీజు దండగ కాలేదు."

గుర్రప్పిల్ల చూడముచ్చటగా ఉంది. పిండిలో ముంచి తీసినట్టున్న మూతి, ఈ జాతికి తగ్గ కప్పకళ్ళు, మంచు జారిపోయేలా విసనకర్రలా విచ్చుకున్న తోక మొదలు.

"నా వరకు సరే," అన్నారు ఆడ్రీ గారు. "నువ్వేమంటావ్?"

నాలుగు కాళ్ళూ మోకాళ్ళ దాకా బురద. పైన మబ్బు కమ్ముకొస్తోంది. "నాకూ సరేనండీ," అన్నాను.

రెజ్ నిప్పుల్లోంచి ఇనుము తీశాడు. ఎర్రగా ఉంది. కాసేపు దాన్నే చూసి మళ్ళీ నిప్పుల్లో పెట్టేశాడు.

"ఎడమ వెనక కాలు కడిగి చూశావా, పిల్లా?"

నా మొహం మాడిపోయింది. బకెట్ తెచ్చి కడిగాను. మడమ దగ్గర చిటికెన వేలి గోరంత తెలుపు.

గాయం మానిన చోట తెల్లగా మొలిస్తే తప్పు లేదు. పుట్టు తెలుపైతే ఒప్పుకోరు. వెంట్రుకలు పాయలు తీసి చర్మం చూశాను. గాయపు మచ్చ ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. ఎంత చూసినా తేల్చుకోలేకపోయాను.

ఆడ్రీ గారు ఫ్లాస్కు మూత తిప్పుతూ, ఎటో చూస్తూ అన్నారు: "ముళ్ళతీగ గీసుకుందేమో, రెజ్. ఈ ఏడు చాలా పిల్లలకి గీసుకుంది."

రెజ్ అవునంటే చాలు. ఆయన మాట కాదనేవాళ్ళు ఈ కొండల్లో లేరు.

"గీసుకోలేదు, ఆడ్రీ. పుట్టిన పొద్దునే చూశాను. ఆర్నెల్లూ అది బురదేనని నాకు నేనే చెప్పుకున్నా."

ముసలి తల్లి కంచె అవతలి నుంచి సకిలించింది.

నేను ఉండబట్టలేక అడిగాను. "మరి ఎందుకు చెప్పారండీ? నేను చూడనే లేదు కదా."

"నువ్వు చూడకపోతే అది పోతుందా? ఇవాళ దాస్తే ఇరవై ఏళ్ళకి ఇంకెవడి దొడ్లోనో తెల్లకాలుతో పిల్ల పుడుతుంది. ఎక్కణ్ణించి వచ్చిందో తెలీక పాపం వాడు తన మంచి గుర్రాన్ని అమ్ముకుంటాడు. వాడెవడో నాకు తెలీదు. ఐనా వాణ్ణి ముంచలేను." తర్వాత ఇనుము బకెట్లో ముంచాడు. "పదండి లోపలికి. యాపిల్ కల్లుంది. ఈ డిగ్రీ పిల్లకి కూడా ఓ గుక్క పోద్దాం, మొహం చూడు, చచ్చిన గొర్రెలా ఉంది."

ఆ పిల్లను ఆయన సంతకు తోలలేదు, తన దగ్గరే ఉంచుకున్నాడు. ముసలిది మళ్ళీ ఈనలేదు. వంశ పుస్తకంలో వెల్లకాట్ పేరు కింద, వరుస ముగిసిందని ఓ అడ్డగీత ఉంటుంది. అది గీసింది నేనే. ఎందుకు గీశానో రాయడానికి అక్కడ చోటు లేదు.

మీరెప్పుడైనా ఈ కొండ మీదికొచ్చి, ముళ్ళపొదల మధ్య మేసే మంద కాళ్ళకు ఎక్కడా తెలుపు లేదని గమనిస్తే, రెజ్ వెల్లకాట్‌ను ఒక్కసారి తలుచుకోండి.