రెండు డబ్బాల గుండీలు

“అమ్మాయ్, నీ కంప్యూటర్ మూగనోము పట్టిందే!” అని అత్తగారు కుట్టుగదిలోంచి కేకేసింది.

కోడలు చేతిలో పని వదిలేసి పరిగెత్తింది. చూపు పోయినా అత్తగారు దర్జీపని మానలేదు. గిరాకీలు పంపే కొలతల్ని కంప్యూటర్ చదివితే, ఆవిడ వేళ్ళతో తడుముతూ గుడ్డకి గాట్లు పెడుతుంది. ఆ చదివే ప్రోగ్రామును లినక్స్ అనే ఉచిత కంప్యూటర్ వ్యవస్థలో అందరికీ అందేలా చూసుకునే బాధ్యత కోడలిదే. చూపులేనివాళ్ళు ఇంకెంతమంది దాన్ని నమ్ముకున్నారో ఆమెకే తెలీదు.

తప్పు ఎక్కడుందో చూస్తే అది తనదే. ఆ ప్రోగ్రాము మాట్లాడాలంటే శబ్దాలు పలికించే ఇంకో ప్రోగ్రాము ముక్క, అంటే ఒక లైబ్రరీ, ఆసరా కావాలి. రెండేళ్ళ కిందట ఆ వివరం రాస్తూ, “నాలుగో వెర్షన్ గానీ, ఆపైది ఏదైనా గానీ సరే” అని ధీమాగా రాసేసింది. ఇంకా పుట్టని ఐదో వెర్షన్‌కి అప్పుడే పూచీ పడిందన్నమాట! నిన్న అప్‌డేట్‌లో ఐదోది దిగింది. గొంతు పోయింది.

“నాలుగే కావాలని రాసెయ్యవే,” అంది అత్తగారు సంగతి విని.

“పాటలు వినిపించే ఇంకో ప్రోగ్రాము ఐదే కావాలంటోంది అత్తయ్యా. రెండింటిదీ ఒకే పేరు, ఒకే చోటు. ఒకటి వస్తే ఇంకోటి పోతుంది. సాయంత్రం నాలుగింటికి లినక్స్ కొత్త విడుదలకి తలుపులు మూసేస్తారు. ఈలోగా సర్దకపోతే మనదాన్ని తీసి పక్కన పడేస్తారు.”

అత్తగారు కత్తెర కింద పెట్టింది. “గుండీలవాడు సైజు పెంచినప్పుడు నేను పాత కాజాలన్నీ చింపుకుంటూ కూర్చున్నానా? పాత గుండీలకి వేరే డబ్బా పెట్టి, మూతకి గరుకు గుడ్డ అంటించాను. పాత చొక్కాకి ఆ డబ్బా, కొత్తదానికి ఈ డబ్బా. ఏం, మీకు డబ్బాలు కరువా?”

కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆ పద్ధతి తనకి తెలిసిందే, కంగారులో తట్టలేదంతే! పాత లైబ్రరీకి వేరే పేరు, వేరే చోటు ఇచ్చి కొత్త ప్యాకేజీ కట్టి, చదివే ప్రోగ్రాముకి దాన్నే చూపించింది. అయితే కొత్త పేరుతో ఏది వచ్చినా ఇంకొకరు పరీక్షించి తీరాలి. ఆ పని మీసాలాయనది. ఫొటోలో తప్ప ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

ఆయన రెండుసార్లు తిప్పి కొట్టాడు. మొదటిసారి, ఒక ఫైలు ఇంకా పాతచోటే ఉండి ఐదోదానితో కొట్టుకుంటోందన్నాడు. రెండోసారి, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చని చెప్పే అనుమతి పత్రం పెట్టలేదన్నాడు.

“చాదస్తం మనిషి!” అని కోడలు విసుక్కుంది.

“అంత వివరంగా తప్పులు పట్టాడంటే ఆసాంతం చదివాడనేగా. సంతోషించక సణుగుడెందుకు?” అంది అత్తగారు.

నాలుగింటికి పది నిమిషాలుండగా జవాబొచ్చింది. “సరిపోయింది. భోజనం మానేసి దీని మీదే కూర్చున్నాను. మా అక్క వాడేది ఈ ప్రోగ్రామే. థాంక్సమ్మా.”

కోడలు ఆ ముక్క రెండుసార్లు చదువుకుంది. తిట్టుకున్నందుకు సిగ్గేసింది. వెంటనే మార్పుల చిట్టా తెరిచి ఆయనకి కృతజ్ఞతలు రాసింది. దాని కింద, “డబ్బాల ఆలోచన మా అత్తగారిది” అని చేర్చింది.

కుట్టుగదిలో కంప్యూటర్ గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి, “నడుము ముప్పై నాలుగు” అంది.

“హమ్మయ్య, వచ్చావా తల్లీ!” అంటూ అత్తగారు దాని నెత్తిన తట్టింది. తర్వాత ఇటు తిరిగి, “ఆయన ఇప్పటికైనా అన్నం తిన్నాడేమో కనుక్కోవే” అంది.