గొళ్లెం లేని పెట్టె

నేను ఒక ఫిర్యాదుల పెట్టెను. జనగామ బజారులో ఒక రేకుల మేస్త్రి నూనె డబ్బా కోసి నన్ను చేశాడు. నెత్తిన చీలిక, ముందు చిన్న తలుపు, దానికి గట్టి గొళ్లెం. తాళం కొనే తీరిక ఎవరికీ లేకపోయింది. ‘మీ మాట మాకు ముఖ్యం’ అని ఎర్రరంగుతో రాసి ఒక బడి వరండాలో తగిలించారు. ఆ అబద్ధాన్ని ఆరేళ్లు మోశాను.

ఆరో తరగతి వినోద వడ్రంగి కూతురు. ఒకరోజు నాలో కాగితం వేసింది: "సారూ, ఆడపిల్లల బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు. లోపలుంటే మొగపిల్లలు నూకుతుండ్రు. జర పెట్టియ్యి." ఆ భయానికి పిల్ల సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టేది కాదు.

హెడ్మాస్టరు విద్యాసాగర్ సారు దాన్ని ప్రార్థన దగ్గర అందరి ముందూ చదివాడు. ‘చదివారు’ అనడానికి నాకు నోరు రావడం లేదు. "పెట్టియ్యి ఏంది? నేను నీ దోస్తునా?" అన్నాడు. బడంతా నవ్వింది. గొళ్లెం ఊసే ఎత్తలేదు. ఆ పిల్ల ఇంట్లో తాతను కూడా ప్రేమగా ‘నువ్వు’ అనే పిలుస్తుంది. రేకుముక్కనైన నాకు అర్థమైంది, రెండు ఎం.ఏ.లు చదివిన ఆ పెద్దమనిషికి కాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

వినోద మొండిది. తెలుగు టీచరు వెంటపడి మరీ నేర్చుకుని, వారం తిరక్కుండా రెండో కాగితం వేసింది: "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కరించి వ్రాయు విన్నపము. బాలికల మరుగుదొడ్డి తలుపునకు గొళ్లెము లేనందున మిక్కిలి ఇబ్బంది పడుచున్నాము. దయచేసి అమర్చగలరని ప్రార్థన."

సారు మురిసిపోయాడు. చప్పట్లు కొట్టించాడు, నోటీసు బోర్డుకు అంటించాడు, తరగతి మొత్తాన్నీ రెండేసిసార్లు చూచిరాత రాయమన్నాడు. గొళ్లెము లేదని నలభైమంది రాసిన కాగితాలను తనే దిద్ది, ‘బాగుంది’ అని సంతకాలు పెట్టాడు. తలుపుకు మాత్రం గొళ్లెం రాలేదు. మరి ఇంత మర్యాద నేర్పింది ఎందుకట?

మర్నాడు అన్నాల వేళ వినోద ఇంటి నుంచి స్క్రూడ్రైవరు తెచ్చింది. మరలు విప్పి నా గొళ్లెం ఊడదీసి, ఒక చీటీ రాసి నాలో వేసి, బాత్రూం వైపు వెళ్లింది.

బడి సొత్తు పోయిందని సారు విచారణ పెట్టాడు. చీటీని నా అడుగు మడతలో బిగబట్టాను, దొరకనివ్వలేదు. బడంతా వెతికించాడు. ఆడపిల్లల బాత్రూం వైపు మాత్రం ఎవరూ చూడలేదు, ఎన్నడు చూశారు గనక.

ఇప్పుడు విరిగిన బెంచీల గదిలో పడి ఉన్నాను. చీటీ ఇంకా నా దగ్గరే ఉంది: "పెట్టే, నీ గొళ్లెం నేనే తీస్కున్న. నువ్వు ఏమనుకోకు."

ఆరేళ్లలో అందరూ సారుకే రాశారు. నాకంటూ వచ్చింది ఇదొక్కటే. నేనేమీ అనుకోలేదు.