జయమణి పేరు మీద ఇల్లు

నందిగామలో భారతీదేవి గారి ఇల్లు అమ్మకానికి ఉందని జయమణికి చెప్పింది ఆమె తమ్ముడు బుల్లిబాబే. అతనికి జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. జయమణి పద్దెనిమిదేళ్ళుగా ఇంగ్లండులో నర్సు. లీడ్స్ అనే ఊళ్ళో ఆసుపత్రికి దగ్గర్లో చిన్న ఇల్లు కొనుక్కుని ఒక్కతే ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. రెండేళ్ళకోసారి సెలవు పెట్టి వచ్చి, తమ్ముడి రెండు గదుల క్వార్టర్లో నెల రోజులుండి వెళ్ళేది. ఆ నెల రోజులూ బుల్లిబాబూ అతని భార్య ప్రమీలారాణీ వంటింట్లో పడుకునేవాళ్ళు.

1978 డిసెంబరులో అక్కాతమ్ముళ్ళిద్దరూ బస్సెక్కి నందిగామ వెళ్ళి ఇల్లు చూశారు. పెద్దదేం కాదు. మంగుళూరు పెంకు, ముందు అరుగు, నాపరాళ్ళు పరిచిన మూడు గదులు, పెరట్లో బావి. భారతీదేవికి అరవై దాటాయి. పిల్లల్లేరు. భర్త పోయాక మైలవరంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటోంది. ఆమె జయమణిని వెంటబెట్టుకుని గదులన్నీ చూపించింది. బావిలో నీళ్ళు తోడి రుచి చూడమంది. ఆ వీధిలో అంతవరకూ మాలపల్లె వాళ్ళెవరూ ఇల్లు కొనలేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

బేరం కుదిరింది. మర్నాడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పక్కన రేకుల షెడ్డులో కూర్చుని దస్తావేజులు రాసే బుడే సాహెబ్ దగ్గరికి వెళ్ళారు. ఆయన జయమణి పేరు, తండ్రి పేరు, వయసు రాసుకుని కలం ఆపాడు.

"అమ్మా, మీ పాస్‌పోర్టు ఏ దేశానిదండీ?"

"బ్రిటిష్‌ది. అయిదేళ్ళయింది తీసుకుని."

బుడే సాహెబ్ కలానికి మూత పెట్టాడు. "అయితే ఇవాళ పనవదండి. ఈ మధ్య చట్టం మారింది. పరాయి దేశం పౌరులు ఇక్కడ ఇల్లు కొనాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి ఉండాలి. బొంబాయికి దరఖాస్తు పెట్టుకోవాలి."

"నేను పుట్టింది వీరులపాడు పక్కనేనండి."

"నిజమేనమ్మా. కానీ ఇక్కడ పాస్‌పోర్టే చూస్తారు."

బుల్లిబాబు బెంచీ మీద ముందుకు జరిగాడు. "దానికేముందండి, నా పేరున రాసెయ్యండి. కొనేది అక్క, ఉండేది అక్క. మాలో మాకు తేడాల్లేవు."

"అట్లా చేసేవాళ్ళున్నారు బాబూ. నేను మాత్రం చెయ్యమని చెప్పను," అని బుడే సాహెబ్ జయమణి వైపు చూశాడు.

జయమణి ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. "దరఖాస్తు ఎలా రాయాలో చెప్పండి. ఇల్లు నా పేరు మీదే కావాలి."

తిరుగు బస్సులో అక్క పక్కన చోటున్నా బుల్లిబాబు డ్రైవరు వెనక నిలబడ్డాడు. క్వార్టరుకి వచ్చాక చెప్పులు విప్పుతూ అన్నాడు.

"ఆయన ముందర అంత మాట అనకుండా ఉండాల్సింది అక్కా. నేను నీ ఇల్లు కాజేస్తానా?"

"అలా అనలేదురా."

"అనలా. నీ పేరు మీదే కావాలన్నావు. రెండింటికీ తేడా ఏంటో నాకు తెలీలా."

చెప్పాలని జయమణికి నోటిదాకా వచ్చింది. వంటింటి గుమ్మంలో ప్రమీలారాణి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఎదుట చెప్పే సంగతి కాదనిపించి ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో అప్పుడు ఆమెకు తెలియదు.

ఇంగ్లండు వెళ్ళే ముందు భారతీదేవిని కలిసి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆరు నెలలు పడుతుందో ఏడాది పడుతుందో తెలీదండి. ఆగలేకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చుకోండి. నేనేమీ అనుకోను."

"తమ్ముడి పేరున రాయించుకోవచ్చుగా అమ్మాయ్?"

"నా పేరునే కావాలండి."

భారతీదేవి కొంగు అంచు సవరించుకుంది. "ఈ ఇల్లు నా పేరున రాస్తానన్నందుకు మా అత్తగారు మా ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు. ఆయన వినలా. అందుకే ఇవాళ అమ్ముకోడానికి నేనెవర్నీ అడగక్కర్లేకుండా పోయింది. నీ పని కానిచ్చుకో. నేను ఆగుతా."

ఆగింది కూడా. ఆమె మరిది రెండుసార్లు వేరే మనుషుల్ని తీసుకొచ్చాడు. వీధిలో పరువు పోతుందన్నాడు. ఇచ్చిన మాట ఉందని ఆమె రెండుసార్లూ కాఫీ ఇచ్చి పంపించింది. ఈ సంగతులు జయమణికి బుడే సాహెబ్ ఉత్తరాల్లో తెలిసేవి. తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరాలు రావడం మానేశాయి. ప్రమీలారాణి మాత్రం క్రిస్మసుకి ఒక కార్డు పంపింది. అందులో ఇద్దరి పేర్లూ ఆమె చేతిరాతే.

1979 వేసవిలో బొంబాయి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. దరఖాస్తుదారుకు విదేశంలో సొంత ఇల్లు ఉండగా ఇక్కడ మరొకటి దేనికి? స్థిరపడే ఉద్దేశం ఉందని రాస్తే సరిపోతుందని బుడే సాహెబ్ సలహా ఇచ్చాడు. జయమణి డ్యూటీ దిగి వచ్చి వంటగది బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చుంది. స్థిరపడతానో లేదో ఆమెకే తెలియదు. లీడ్స్‌లో ఆమె చేతికింద ఇరవై మంది నర్సులున్నారు. కూడా పనిచేసేవాళ్ళలో ముగ్గురు ఆమెకు సొంత మనుషుల్లాంటివాళ్ళు. ఆ ఊరూ తనదే. చివరికి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసింది. నేను పుట్టిన తాలూకాలో నాకు సొంత చోటు లేదు. ఎప్పుడు వచ్చినా చుట్టంగానే వస్తున్నాను. ఎంతకాలం ఉంటానో ఇప్పుడే చెప్పలేను. ఎప్పుడు వచ్చినా ఎవరినీ కదిలించకుండా పడుకోవాలని కోరిక.

దరఖాస్తు పెట్టిన పద్నాలుగు నెలలకి, 1980 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. ఇల్లు అద్దెకివ్వకూడదు, మళ్ళీ అనుమతి లేకుండా అమ్మకూడదు అని షరతులు. ఏప్రిల్లో ఆమె వచ్చి రిజిస్ట్రేషను చేయించుకుంది. సాక్షి సంతకానికి రమ్మని తమ్ముడికి కబురు పెట్టింది. షిఫ్టు ఉందని అతను రాలేదు. ప్రమీలారాణి వచ్చి సంతకం పెట్టింది. ఆఫీసు మెట్లు దిగుతూ, "ఆయన మనసులో బాగా పెట్టుకున్నారు వదినా. అడిగితే కసురుకుంటారు," అంది.

భారతీదేవి మర్నాడే సామాను లారీకెక్కించి మైలవరం వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ పక్కింటి సీతారావమ్మని పిలిచి, "జయమణి నా మనిషి. చూస్తూ ఉండు," అని చెప్పింది. ఆ ఒక్క మాట వల్ల వీధంతా దగ్గర కాలేదు. అరుగు మీద కూర్చుంటే ఎదురింటివాళ్ళు లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. సీతారావమ్మ మాత్రం గోడ మీంచి కూర గిన్నె అందించేది. జయమణి ఆ సెలవులో నాలుగు వారాలూ తన ఇంట్లో పడుకుంది. బుల్లిబాబు ఒక్కసారి కూడా గడప తొక్కలేదు.

రెండేళ్ళు గడిచాయి. 1982 జూలైలో వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. పెంకులు జరిగి వెనక గది కురుస్తోంది. వచ్చిన మూడో రోజు పొద్దున తడి నాపరాళ్ళ మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగిందని పడినచోటే ఆమెకు అర్థమైంది. ఎడమచేత్తో తువ్వాలు చుట్టుకుని సీతారావమ్మని కేకేసింది. సీతారావమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు వేయించింది. జగ్గయ్యపేట వెళ్ళే బస్సు కండక్టరుతో ఫ్యాక్టరీకి కబురు కూడా పంపించింది.

మధ్యాహ్నానికి బుల్లిబాబు వచ్చాడు. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికొచ్చి, కట్టు చూశాడు.

"నెప్పిగా ఉందా?"

"తట్టుకోగలను."

"అన్నం తిన్నావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను వంటింట్లోకి వెళ్ళి కిరసనాయిలు స్టవ్ వెలిగించాడు. అన్నం వండి, పెరుగు కలిపి, చెంచా వేసి తెచ్చి ఇచ్చాడు. ఆమె ఎడమచేత్తో తింటుంటే కింద కూర్చుని, వాన కారుతున్న మూల వైపు చూస్తూ ఉన్నాడు.

"ఒరే, నీకొకటి చెప్పాలి. నాలుగేళ్ళ కిందటే చెప్పాల్సింది."

"ఇప్పుడెందుకులే."

"విను. నీకు ఏడాది కూడా నిండలా అప్పటికి. నాన్న తను కూలికెళ్ళే ఆసామి స్థలంలో ఇల్లు కట్టాడు. గోడలు నాన్నే పెట్టాడు. అమ్మ మట్టి తొక్కింది, నేను నీళ్ళు మోశా. స్థలం మీదే అనుకో అన్నాడు ఆసామి. మంచివాడే. మనకి పాలు కూడా పోయించేవాడు. ఆయన పోయాడు. కొడుకొచ్చాడు. కూలి దగ్గర నాన్న ఏదో మాటన్నాడని సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నాడు. నాన్న గుమ్మం తలుపు ఊడబీకాడు, అదొక్కటే కొన్నదని. ఆ తలుపు అమ్మ నెత్తిన పెట్టుకుంది, నిన్ను నేనెత్తుకున్నా. జగ్గయ్యపేట దాకా నడిచాం."

బుల్లిబాబుకి ఈ కథ తెలియదు. తల్లిదండ్రులు పిల్లల ఎదుట ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. అక్క వైపు తిరిగాడు.

"నేను ఆ కొడుకులాంటివాణ్ణా అక్కా?"

"కాదు. నువ్వు ఆ పెద్దాయన లాంటివాడివి. నీ తర్వాత ఎవరొస్తారో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

"ఆ మాట ఆ రోజే చెప్తే పోయేది."

"పోయేది. చెప్పలేకపోయా. తప్పే."

బుల్లిబాబు కంచం తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. మాట నచ్చిందో లేదో ముఖంలో తెలియలేదు. వాన తెరిపిచ్చాక నిచ్చెన కోసం సీతారావమ్మ ఇంటికి వెళ్ళాడు. చీకటి పడేలోపల జరిగిన పెంకులు సర్ది, పగిలినవి ఏవో లెక్క చూసుకుని దిగాడు. ఫ్యాక్టరీకి సెలవు చీటీ పంపి పదకొండు రోజులున్నాడు. ఆదివారం ప్రమీలారాణి వచ్చి ముగ్గురికీ కోడికూర వండింది. తమ్ముడు కింద చాప మీద పడుకుంటే జయమణి మంచం మీద మెలకువగా ఉండి అతని గురక వినేది.

ఆగస్టులో ఆమె తిరుగు ప్రయాణమైంది. మద్రాసు రైలు ఎక్కించడానికి బుల్లిబాబు విజయవాడ దాకా వచ్చాడు. పెట్టె సీటు కింద తోసి, కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఈసారి వచ్చేటప్పుడు నెల ముందే ఉత్తరం రాయి. వచ్చి సున్నం వేయిస్తా. వెనక గది మరీ నల్లబడింది."

"రాస్తా."

"ఇంగ్లీషులో రాయబాకు. ప్రమీల చదవాలి."

రైలు కదిలింది. అతను నాలుగడుగులు పక్కనే నడిచి ఆగిపోయాడు.